ముడి విప్పని టేపు

1995 అక్టోబరు 22, ఆదివారం, ఉదయం 6 గంటల 40 నిమిషాలు. దోహాలో మా సర్వే ఆఫీసు స్టోరు గది. ఆ నిమిషం దాకా నేను దయ్యాలనూ ఆత్మలనూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానా అంటే, అదీ చెప్పలేను. నలభై మూడేళ్ళ వయసులో, ఇరవై ఏళ్ళు భూమిని కొలిచి బతికిన మనిషిగా, నా ముందున్న ఒక కొలతకు కారణం చెప్పలేకపోయాను. అంతే.

నాకు పదహారో ఏట నుంచి డైరీ రాసే అలవాటు ఉంది. ఈ కింద ఉన్న తేదీలు, గంటలు, అంకెలు అన్నీ ఆ డైరీలో ఏ రోజువి ఆ రోజు రాసుకున్నవే. జ్ఞాపకం మీద ఆధారపడి రాసినవి ఒకటో రెండో ఉంటే, అవి జ్ఞాపకాలేనని చెబుతాను.

ముందుగా అబూ సమీర్ గురించి చెప్పాలి. ఆయన మా ఆఫీసులో పెద్ద డ్రాఫ్ట్స్‌మన్. పాలస్తీనా మనిషి. అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. నలభై ఎనిమిదిలో యుద్ధం వచ్చి ఊరు ఖాళీ అయినప్పుడు పదకొండేళ్ళవాడు. జెరూసలేముకు పడమట కొండల్లో ఉండేది ఆ ఊరు. తర్వాత ఇళ్ళు కూల్చేశారు, మీద పైన్ చెట్లు నాటారు. ఆయన పదేళ్ళుగా, ఆఫీసు పని అయ్యాక, ఆ ఊరి మ్యాపు గీస్తున్నాడు. ఏ ఇల్లు ఎవరిది, ఏ గట్టు మీద ఏ చెట్టు, బావి ఎక్కడ, దారి ఎక్కడ మలుపు తిరిగేది, అన్నీ. ఒకటికి రెండు వందల స్కేలు. ఊరి నుంచి చెదిరిపోయినవాళ్ళు ఏయే దేశాల నుంచో ఉత్తరాల్లో పంపిన కొలతలతో నింపాడు.

ఆ మ్యాపులో ఒక్క చోటు ఖాళీ. ఆయన చెల్లెలు సల్మా, నలభై రోజుల పసిపాప, ఊరు విడిచే ముందు రోజు జ్వరంతో పోయింది. శ్మశానానికి వెళ్ళే దారిలో తుపాకులు మోగుతున్నాయట. తండ్రి ఆ పాపను ఇంటి బావికి ఎదురుగా, పెరటి గోడ వెంట పాతిపెట్టి, పైన ఒక పలకరాయి పెట్టాడు. బావి ఒర నుంచి ఆ రాయి ఎంత దూరం? అబూ సమీర్ లెక్క యాభై అడుగులు, ఫుట్లు కావు, నడిచే అడుగులు. ఆయన అన్న లెక్క ముప్పై. ఇద్దరూ నలభై ఏడేళ్ళుగా దీని మీద పోట్లాడుకుంటున్నారు. అన్న అమ్మాన్‌లో ఉండేవాడు.

అక్టోబరులో కంపెనీ నన్ను కొత్త పరికరాల శిక్షణకు అమ్మాన్ పంపింది. శిక్షణ తర్వాత మూడు రోజులు సెలవు పెట్టి జెరూసలేము చూసి వద్దామనుకున్నాను. చిన్నప్పటి నుంచి చరిత్ర చదివినవాణ్ణి. అబూ సమీర్‌కు ఈ సంగతి తెలిసిన రోజు నా బల్ల ముందు వచ్చి నిలబడ్డాడు. మేము మాట్లాడుకునేది కాస్త ఇంగ్లీషు, కాస్త అరబీ, కాస్త ఉర్దూ. ఇక్కడ అంతా తెలుగులో రాస్తున్నాను. ముహందిస్ అంటే ఇంజనీరు, నన్ను అలాగే పిలిచేవాడు.

"నా కాగితాలతో నన్ను అక్కడికి రానివ్వరు, ముహందిస్. నువ్వు ఇండియావాడివి. సున్నా కనిపెట్టినవాళ్ళు. నీ అంకె మీద మా అన్నదమ్ముల తగువు తీరిపోవాలి."

"రాయి లేకపోతే?" అని అడిగాను.

"లేదని రాయి. ఖాళీగానే వదిలేస్తాను. కానీ చూసి రాయి."

సరేనన్నాను.

టేపు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే సాక్ష్యమంతా అదే. యాభై మీటర్ల స్టీలు టేపు, పిడి తిప్పితే పెట్టెలోకి చుట్టుకునేది. సెప్టెంబరులో కొత్తగా వచ్చింది. ఆఫీసు వరండాలో గచ్చు మీద ప్రామాణిక టేపు పక్కన పరిచి, సరిచూసి, నూనెగుడ్డతో తుడిచి చుట్టాం. మట్టి నేలను తాకలేదు. ఆ తర్వాత దసరా వచ్చింది, అక్టోబరు 3. కొలతలకు టేపు పట్టే మా చైన్‌మన్ రాజయ్యది జగిత్యాల దగ్గరి ఊరు. ప్రతి దసరాకూ స్టోరు గది తలుపు వేసుకుని పనిముట్లకు పూజ చేసేవాడు. ఈ కొత్త టేపుకు పిడి మీదుగా పసుపు దారం చుట్టి, ముడి వేసి, ఆ ముడి మీదా పెట్టె మీదా కలిసి పడేటట్టు ఒక కుంకుమ బొట్టు పెట్టాడు. ఆ దారం ఉండగా పిడి తిరగదు, టేపు బయటికి రాదు.

"మొదటి కొలతకు మీరే ఇప్పుండ్రి సార్. మంచి పనికి ఇప్పుండ్రి," అన్నాడు. ఆ బావి కొలతే మొదటిదవుతుందని దాన్నే సంచీలో పెట్టుకుని బయలుదేరాను.

ఇంకొక విషయం. ఆ జూన్‌లో నేను రాజయ్యకు మెమో ఇచ్చాను. ఉమ్ సలాల్ దగ్గర రోడ్డు పనిలో, యాభై డిగ్రీల ఎండలో, చివరి ఒక్క పాయింటుకు కొలత కర్ర (స్టాఫ్) పట్టుకుని వెళ్ళకుండా పక్క పాయింట్లను బట్టి అంకె అంచనా వేసి చెప్పాడు. నేను పట్టుకున్నాను. అంచనా రెండు సెంటీమీటర్లే తేడా. అయినా మెమో ఇచ్చాను. "చూడనిది రాయడం మన వృత్తిలో దొంగతనం" అని అందులో రాశాను. ఆ కాపీ ఇప్పటికీ నా ఫైలులో ఉంది.

అక్టోబరు 15, ఆదివారం. అమ్మాన్‌లో అబూ సమీర్ అన్న ఇంటికి వెళ్ళి, తమ్ముడు పంపిన ఖర్జూరం పెట్టె ఇచ్చాను. అరవై దాటిన బక్కపలచని మనిషి. బలవంతంగా భోజనం పెట్టాడు. అక్కడి నుంచి ఆయన ఊరికి కారులో రెండు గంటల దారి. ఎప్పుడైనా వెళ్ళారా అని అడిగితే, "నా ఇంటికి వెళ్ళడానికి నేనెవరినీ వీసా అడగను" అన్నాడు. లేచి వస్తుంటే మెట్ల దాకా వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ముప్పై. కొలిచి రా. ఆ మొండివాడి నోరు మూయించు."

18వ తేదీ సరిహద్దు నది మీది వంతెన దాటాను. గల్ఫ్‌లో ఇబ్బంది కాకుండా పాస్‌పోర్టు మీద ముద్ర వద్దని అడిగితే విడి కాగితం మీద వేశారు. నా సంచీ విప్పి, టేపును అటూ ఇటూ తిప్పి, బొట్టు వైపు చూసి, నా కళ్ళెదుటే తిరిగి ఇచ్చేశారు. ఆ సాయంత్రమంతా పాత నగరం గోడల మధ్య తిరిగాను. ఒక్క కిలోమీటరు లోపల మూడు మతాల వాళ్ళు మూడు రకాలుగా ప్రార్థిస్తున్నారు. ఏ మలుపులో చూసినా తుపాకీ పట్టుకున్న కుర్రవాళ్ళు. అరిగి నున్నబడ్డ రాతి మెట్ల మీద చెయ్యి ఆనించి, దీన్ని ఎంతమంది నాది అన్నారో అనుకున్నాను. డైరీలో రెండు పేజీలు రాసుకున్నాను. మంచి వాక్యాలే. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.

19వ తేదీ, గురువారం. టాక్సీ తీసుకుని ఆ కొండ కిందికి చేరేసరికి మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలు. రోడ్డు పక్కన పెట్రోలు బంకు, దాని ఆవరణలో ఒక టీ కొట్టు, బస్టాపు. పైకి కాలిబాట. అబూ సమీర్ రాసి ఇచ్చిన గుర్తులన్నీ సరిపోయాయి. డ్రైవరు కూడా అరబ్బే.

"యల్లా, పద ముహందిస్, ఇరవై నిమిషాల నడక. కాకపోతే ఆ బూట్లతో పైకి వెళితే అవి మళ్ళీ నల్లగా రావు. పైనంతా ఎర్రమట్టి," అని నవ్వాడు.

బస్టాపులో ఇద్దరు సైనికులు కూర్చుని ఉన్నారు. ఒకడు నా సంచీ వైపు చూశాడు. అడగలేదు. లేచి రాలేదు. కానీ నాకు ఆలోచన మొదలైంది. గల్ఫ్‌లో ఉద్యోగం చేసేవాడు, చేతిలో కొలత టేపు, కూల్చిన ఊళ్ళో నేల కొలుస్తున్నాడు. ఏమని చెబుతాను? నా ఉద్యోగం, పిల్లల చదువు. ఒక టీ తాగి వెళదాం అనుకున్నాను. తర్వాత రెండోది తాగాను.

ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "2:50. పైన ఎక్కడో కీచురాయి. అక్టోబరులో?" అది సన్నగా, లోహం మీద లోహం రాసుకున్నట్టు, ఆగి ఆగి వినబడింది. ఆ చప్పుడు నాకు తెలిసినదేనని అప్పుడు తోచలేదు.

3 గంటల 20 నిమిషాలకు టాక్సీ ఎక్కి వెనక్కి వచ్చేశాను. నన్ను ఎవరూ ఆపలేదు. ఈ వాక్యం నేను ఎన్నిసార్లు రాసుకున్నానో లెక్కలేదు. ఎందుకు ఎక్కలేదు అన్న ప్రశ్న కింద మొదట "భయం" అని రాశాను. కొట్టేసి "బద్ధకం" అని రాశాను. ఏది నిజమో ఇప్పటికీ తేల్చుకోలేదు. తిరుగుదారిలో అమ్మాన్ మీదుగానే వచ్చాను, కానీ ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళలేదు. ఫోను కూడా చేయలేదు.

21వ తేదీ, శనివారం, సాయంత్రం. దోహాలో దిగి ఇంటికి వచ్చి గంట కాకముందే అబూ సమీర్ వచ్చాడు. కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి నా ముఖంలోకి చూస్తున్నాడు.

వెళ్ళలేదు అని చెప్పడానికి ఒక్క క్షణం పడుతుంది. ఆ క్షణంలో నా బుర్ర వేరే పని చేసింది. పదకొండేళ్ళ పిల్లవాడి అడుగు అరవై మూడు సెంటీమీటర్లు అనుకుంటే యాభై అడుగులకు ముప్పై ఒకటిన్నర మీటర్లు. గుండ్రటి అంకె చెబితే అనుమానం వస్తుంది. చివర బేసి అంకె ఉంటే కొలిచినట్టే ఉంటుంది. దొంగ రీడింగులు పట్టుకునేవాడికి దొంగ రీడింగు ఎలా రాయాలో బాగా తెలుసు.

"రాయి ఉంది. ముప్పై ఒకటి పాయింట్ మూడు ఏడు," అన్నాను.

అబూ సమీర్ గోడకు ఆనుకున్నాడు. "ఉందా," అన్నాడు. మళ్ళీ "ఉందా" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

మర్నాడే మొదట చెప్పిన ఆదివారం. దీపావళికి ముందు రోజు. రాజయ్యా నేనూ అల్ తుమామాలో ప్లాట్ల హద్దులు పెట్టడానికి బయలుదేరుతున్నాం. టేపు సంచీలోంచి తీసి అతని చేతికిచ్చాను. దారం చెక్కు చెదరలేదు. కుంకుమ బొట్టు సగం ముడి మీద, సగం పెట్టె మీద, గీత కూడా తప్పకుండా అలాగే ఉంది.

"ఇప్పనే లేదు గద సార్," అన్నాడు రాజయ్య. నేను బ్లేడు అందించాను. ముడి పాడుకాకుండా పక్కన బ్లేడుతో దారం కోసి, రింగు పట్టుకుని టేపు లాగాడు. లాగి, ఆగిపోయాడు.

టేపు మీద ఎర్రమట్టి. తడిగా పట్టి ఎండిపోయిన మట్టి, ఒక ముఖం మీదే, నేల మీద పరిచినప్పుడు కింది వైపు అంటుకున్నట్టు. రింగులో ఒక పైన్ ఆకు ఇరుక్కుని ఉంది, సూదిలాంటిది, ఇంకా పూర్తిగా ఎండలేదు.

"గిది మన సైటు మన్ను కాదు సార్. గీ దేశంల ఎర్రమన్ను యాడిది? మా ఊరి చెల్క మన్ను లెక్క ఉన్నది."

ఇద్దరం కలిసి లాగుతూ పోయాం. మట్టి ఒక గీత గీసినట్టు ఒక చోట ఆగింది. ఆ తర్వాత టేపు చివరిదాకా కొత్త ఉక్కు, మా నూనె తళతళ. మట్టి ఆగిన చోట అంకె నేనే చదివాను. పద్దెనిమిది మీటర్ల అరవై రెండు సెంటీమీటర్లు. రాజయ్య పిడి తిప్పి టేపును లోపలికి చుడుతుంటే ఆ చప్పుడు విన్నాను. కొండ కింద విన్న కీచురాయి అదే.

నా బూట్లు ఆ గది మూలలోనే ఉన్నాయి, ప్రయాణంలో వేసుకున్నవే, ఆ ఉదయం సైటు బూట్లు తొడుక్కుని అక్కడ విడిచినవి. వెళ్ళి తిప్పి చూశాను. నల్లగా, శుభ్రంగా ఉన్నాయి.

7 గంటల 15 నిమిషాలకు అబూ సమీర్ స్టోరు గదికి వచ్చాడు, చేతిలో కునాఫా మిఠాయి పళ్ళెంతో. ముఖం వెలిగిపోతోంది. రాజయ్య టేపు పట్టుకుని తలుపు పక్కన నిలబడి ఉన్నాడు.

"రాత్రి అన్నకు ఫోను చేశాను. అంకె రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత ఏమన్నాడో తెలుసా? ఇంజనీరు టేపు పెట్టి కొలిచాడు కదా, నాదే తప్పు అన్నాడు. నలభై ఏడేళ్ళలో మొదటిసారి, ముహందిస్! ఆ గాడిద ఒప్పుకున్నాడు. తిను, తిను. రాజయ్యా, నువ్వు కూడా. ఖల్లీ వల్లీ, పోనివ్వు, డ్యూటీ తర్వాత."

రాజయ్య నా వైపు చూశాడు. నేను ఒక ముక్క తీసుకుని తిన్నాను. ఆయన వెళ్ళాక టేపును నా సొరుగులో పెట్టి తాళం వేశాను.

"పెద్దమనిషికి చెప్తరా సార్?" అన్నాడు రాజయ్య, పాత టేపు భుజాన వేసుకుంటూ.

"చెబుతాను."

"నేను ఒక్క పాయింటు తప్పు చెప్తె కాయితం ఇస్తిరి." కోపంగా అనలేదు. గుర్తు చేసినట్టు అన్నాడు. ఆ తర్వాత అతను నాతో అవసరమైన దానికంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు.

నాకు తోచిన కారణాలన్నీ వరసగా పరీక్షించాను. కుంకుమ అయి ఉంటుందా? నీళ్ళలో వేసి చూశాను, అడుగున బురదగా దిగింది, కుంకుమ అలా దిగదు. మా మట్టి పరీక్షల ల్యాబులో కొంచెం ఇచ్చాను, ఎక్కడిదో చెప్పకుండా. "ఇది ఖతర్‌ది కాదు, ఏ సైటు?" అని వాళ్ళే అడిగారు. వంతెన దగ్గర ఎవరైనా విప్పారా? విప్పితే బొట్టు చెదరాలి, పైగా ఆ ముడి రాజయ్య తనదేనని మూడుసార్లు చూసి చెప్పాడు. నేనే కొండ ఎక్కి మరిచిపోయానా? బూట్లు ఉన్నాయి. టీ కొట్టు ముందు కారులో కూర్చున్న డ్రైవరు గంట పైగా నన్ను చూస్తూనే ఉన్నాడు. పద్దెనిమిది మీటర్ల అరవై రెండును ముప్పైతో భాగిస్తే అరవై రెండు సెంటీమీటర్లు వస్తుంది. నలభై ఎనిమిదిలో పద్నాలుగేళ్ళున్న ఆ అన్న ఆచితూచి వేసే అడుగు.

చెప్పడానికి నాకు సరిగ్గా పద్దెనిమిది రోజులు దొరికాయి. నవంబరు 9, గురువారం, అబూ సమీర్ ఆ చిన్న వృత్తాన్ని నల్లసిరాతో గీశాడు. పక్కన అరబీలో సల్మా అని రాశాడు. నన్ను పిలిచి, నా ఎదుటే, నా అంకె ప్రకారం గీశాడు. ప్రింట్లు తీసి ఆ ఊరివాళ్ళు ఉన్న ప్రతి దేశానికీ పంపాడు. మొదటి ప్రింటు అన్నకు.

1996 ఫిబ్రవరిలో ఆ అన్న పోయాడు. గుండె ఆగింది. అబూ సమీర్ ఇంట్లో పరామర్శకు వెళ్ళాను. చేదు కాఫీ ఇచ్చారు. ఆయన నా పక్కన కూర్చుని, ఇన్నాళ్ళూ చెప్పని మాట ఒకటి చెప్పాడు.

"ఆ రోజు నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను, అంతే. పాపను మోసింది వాడు. నాన్న చేతిలో పార ఉంది. వాడే అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. అందుకే అంత మొండిగా ఉండేవాడు. చివరి నెలల్లో మాత్రం తన లెక్క మీద తనకే నమ్మకం పోయింది. ఇది కూడా తప్పయితే ఇంకేం సరిగ్గా గుర్తుంది నాకు, అని ఫోనులో అనేవాడు. నీ కొలతే లేకపోతే వాడు మొండిగానే పోయేవాడు, ముహందిస్. అల్లా నీకు మేలు చేయాలి."

నేను కాఫీ తాగేసి, కప్పు పక్కన పెట్టి, లేచి వచ్చాను.

రాజయ్య 1997లో మన దేశం వెళ్ళిపోయాడు. వెళ్ళే రోజు క్యాంపు బస్సు దగ్గర, "చెప్పిన్రా సార్?" అని అడిగాడు. లేదన్నాను. తల ఊపి బస్సెక్కాడు. అబూ సమీర్ 1998లో కొడుకు దగ్గరికి, వేరే దేశం వెళ్ళాడు. వెళ్ళే ముందు ఒక ప్రింటు చుట్టి నాకు ఇచ్చాడు. "నీకు కూడా అందులో భాగం ఉంది" అన్నాడు.

ఆ ప్రింటు మీద బావి నుంచి గోడ వెంట తొమ్మిది సెంటీమీటర్ల మూడు మిల్లీమీటర్ల దగ్గర పెన్సిల్‌తో రెండో వృత్తం గీశాను. సిరాతో ఉన్నది నేను కల్పించినది. పెన్సిల్‌తో ఉన్నది కొలిచినది. ఎవరు కొలిచారో నాకు తెలియదు. ఎవరు పట్టుకున్నారో, ఎవరు చుట్టారో, ఆ గంట సేపు నేను కింద టీ తాగుతుంటే ఆ ముడి ఎలా దాటారో తెలియదు. తెలుసునని చెప్పే ప్రయత్నం కూడా ఇప్పుడు చేయను.

పోయినవి: ఒక అన్నకు తన జ్ఞాపకం మీద ఉన్న నమ్మకం, ఆయన కంటే నాలుగు నెలలు ముందుగా. మ్యాపు మీద ఒక పసిపాప ఉన్న చోటు, పన్నెండు మీటర్ల డెబ్బై అయిదు సెంటీమీటర్ల మేర. నా మీద రాజయ్యకు ఉండిన గౌరవం, మొత్తం.

ఉన్నవి: స్టీలు టేపు ఒకటి, మళ్ళీ వాడనిది. పసుపు దారం ఒకటి, ముడితో. ఎర్రమట్టి, కవరు అడుగున పట్టేంత. పైన్ ఆకు ఒకటి, ఇప్పుడు మూడు ముక్కలు. ప్రింటు ఒకటి, రెండు వృత్తాలతో. అబూ సమీర్‌కు రాసిన ఉత్తరాలు మూడు, చిరునామాతో, పోస్టు చేయనివి.